నడుం ఎత్తున దేవుడి పటం

నా సూట్‌కేసులో రాయి ఉందని డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో నన్ను పక్కకి పిలిచారు. గ్లౌజులు తొడుక్కున్న ఒకాయన నా చీరల మధ్యలోంచి రోలు పైకి తీసి, అటూ ఇటూ తిప్పి, దాని బండని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. దీంతో ఏం చేస్తావని అడిగాడు. పచ్చడికి ఇంగ్లీషు మాట ఆ క్షణంలో తట్టలేదు. ఎడమ అరచేతిలో కుడి పిడికిలితో దబదబా దంచి చూపించాను. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. నేను రాజమండ్రిలో గవర్నమెంటు హైస్కూల్లో పి.ఇ.టి. టీచర్ని, ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతాను. నేను మామూలుగా చెయ్యి ఊపినా ఎదుటివాళ్ళకి కొట్టబోతున్నట్టే ఉంటుంది. లోపలేముందో చూడాలని రోలు పగలగొడతారేమోనని ఒకపక్క భయం, పగలగొడితే ఆయన వేళ్ళు విరిచేస్తానేమోనని ఇంకోపక్క భయం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అదృష్టం బాగుండి ఆయన నవ్వి వదిలేశాడు.

ఆ రోలు ఫార్మింగ్టన్ కోసం తెచ్చాను. ఫార్మింగ్టన్ అంటే మాకు ఊరు కాదు, మనిషి. ఆన్‌లైన్‌లో మాదొక రోటి పచ్చళ్ళ గ్రూపు. కరోనా రోజుల్లో బయటికి వెళ్ళలేక మొదలుపెట్టాం. మొదట్నుంచీ పేర్లు వద్దనుకుని ఎవరి ఊరితో వాళ్ళని పిలుచుకున్నాం. ఆష్‌బర్న్ ఉంది, శాన్ రామన్ ఉంది, నేను రాజమండ్రి, ఆమె ఫార్మింగ్టన్ హిల్స్ కాబట్టి ఫార్మింగ్టన్. శనివారం వాళ్ళకి పొద్దున, నాకు సాయంత్రం. వీడియో కాల్‌లో అందరం ఒకే పచ్చడి నూరతాం. రూలు ఒక్కటే, దంచేటప్పుడు మ్యూట్ చేసుకోవాలి, లేకపోతే చెవులు చిల్లులు పడతాయి.

అందరికంటే ఎక్కువసేపు మ్యూట్‌లో ఉండేది ఫార్మింగ్టన్. ఒక్కోసారి ఉన్నట్టుండి కెమెరా కూడా ఆపేసేది. మళ్ళీ కనపడేటప్పటికి మొహం కడుక్కుని ఉండేది. "ఏమే, నీ పచ్చడి ఇంకా నలగలేదా?" అని అందరూ ఏడిపించేవారు. "కళ్ళల్ల మిరపకాయ ఘాటు పడ్డది అక్కా" అనేది. వరంగల్ పిల్ల, ముప్పై దాటిందంతే, మెత్తని గొంతు. మొగుడు కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, అతనిది హెచ్-వన్ వీసా, అతని భార్య కాబట్టి ఆమెది హెచ్-ఫోర్. ఆమె గురించి నాకు తెలిసింది అంతే. ఎండాకాలం సెలవులివ్వగానే, ఇన్నేళ్ళు తెర మీద చూసిన మనిషిని ఒక్కసారి చేత్తో ముట్టుకోవాలనిపించి విమానం ఎక్కాను. వారం రోజులు ఆమె దగ్గర, తర్వాత ఆష్‌బర్న్ దగ్గర.

ఎయిర్‌పోర్ట్ బయట ఎదురొచ్చింది. తెర మీద అందరూ ఒకే ఎత్తు ఉంటారు కదా, ఆమె అంత పొట్టి అని నాకు తెలియదు. నా భుజం దాకా వచ్చింది. గట్టిగా వాటేసుకున్నాను. "అమ్మా" అని ఊపిరి బిగబట్టింది. నడుం పైన చెయ్యి పెట్టుకుని, "జిమ్‌ల పట్టేసింది అక్కా" అంది. నేను నమ్మాను. ఆటలు నేర్పేదాన్ని, పట్టేసిన కండకీ విరిగిన ఎముకకీ తేడా తెలియాల్సింది.

ఆమె మొగుడు నా సూట్‌కేసు అందుకున్నాడు. పొడగరి, చక్కటి క్రాఫు, నవ్వు మొహం. "వెల్‌కమ్ అక్కా, మీ గురించి డైలీ చెప్తుంది. మీరొస్తున్నారని వీక్ నుంచి ఇల్లంతా క్లీన్ చేసింది" అన్నాడు. నచ్చాడు నాకు, ఏం దాచుకోను. కారెక్కాక ఆ నచ్చడం ఎంతోసేపు నిలవలేదు. హైవే పక్కన పొట్ట చీలి ఒక జింక పడి ఉంది. అయ్యో అన్నాను. "ఇక్కడ కామన్ అక్కా, నేను కూడా ఒకదాన్ని కొట్టాను. కొట్టాక ఆగకూడదు, ఆగితే మనకే డ్యామేజ్" అని నవ్వాడు. అంతలో ఒక ట్రక్కు మా ముందుకి దూరింది. ఆ నవ్వు అతని మొహం మీద ఉండగానే స్టీరింగ్‌ని పిడికిలితో గుద్దాడు. హారన్ మీదనుంచి చెయ్యి తియ్యకుండా ఆ ట్రక్కు వెంటపడ్డాడు. దాని తలుపుకి మా తలుపు తాకుతుందేమోనన్నంత దగ్గరగా కారు నడిపి, అద్దం దించి, ఆ డ్రైవర్ తల్లిని తెలుగులో తిట్టాడు. నేను సీటు పట్టుకుని కూర్చున్నాను. ఫార్మింగ్టన్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆమె కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూ ఉంది.

ఇల్లు బాగుంది. తెల్ల గోడలు, తెల్ల టైల్స్, మెత్తటి కార్పెట్. ఒక్కటే వింతగా ఉంది, పటాలు ఎక్కడ పడితే అక్కడ తగిలించి ఉన్నాయి. పెళ్ళి ఫోటో హాల్లో ఖాళీ గోడంతా వదిలేసి బెడ్‌రూమ్ తలుపుకి ఆనుకుని ఒక మూల ఉంది. ఫ్రిజ్ పక్కన సందులో సీతాకోకచిలుక బొమ్మ. బాత్‌రూమ్ గోడ మీద ఆకుల బొమ్మ. అన్నిటికంటే ఘోరం, గరాజ్ తలుపు దగ్గర, చెప్పుల స్టాండ్ పక్కన, వెంకటేశ్వరస్వామి పటం. అదీ నా నడుం ఎత్తున.

నాకు పెద్ద భక్తేం లేదు. కానీ చెప్పుల పక్కన, కాళ్ళ దగ్గర స్వామి ఏమిటి? మర్నాడు అతను ఆఫీస్‌కి వెళ్ళాడు, ఆమె స్నానానికి వెళ్ళింది. ఊరుకోలేక ఆ పటం తీసి పైన ఎక్కడన్నా తగిలిద్దామని మేకు నుంచి ఎత్తాను.

వెనక గోడకి కన్నం ఉంది.

అంచులు చిట్లి, లోపలి సుద్ద పొడి రాలి, అట్ట చిరిగి ఉంది. అందులో నా పిడికిలి పెట్టి చూశాను. పట్టగా ఇంకా కొంచెం చోటు మిగిలింది. మా ఊళ్ళో గోడలు ఇటుకలతో కడతారు. కోపంతో గుద్దినవాడి చెయ్యే విరుగుతుంది. ఇక్కడ చెక్క ఫ్రేముకి సుద్ద అట్ట బిగించి గోడ అంటారు, ఎవడు గుద్దినా అదే లొంగుతుంది. పరుగున వెళ్ళి సీతాకోకచిలుకని ఎత్తాను. కన్నం. ఆకుల బొమ్మ వెనక కన్నం. పెళ్ళి ఫోటో వెనక రెండు, ఒకదాని మీద ఒకటి. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పెళ్ళి ఫోటో ఎత్తి నేలకేసి కొట్టేదాన్నే, కానీ అందులో ఆమె కూడా ఉంది.

తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి నన్ను అలా చూసింది. నా చేతిలోంచి ఫోటో తీసుకుని, మేకుకి తగిలించి, వంకర లేకుండా సరిచేసింది. ఆ సరిచేయడం చూస్తే నాకు దుఃఖం వచ్చింది.

"పోలీసులకి ఫోన్ చెయ్యవే" అన్నాను.

"ఊకో అక్కా. నా వీసా మొత్తం ఆయన మీదనే ఉంది. కేసైతే ఆయన జాబ్ పోతది, స్టేటస్ పోతది, గ్రీన్ కార్డ్ ప్రాసెస్ పోతది. నన్ను ఆయనతోనే ఫ్లైట్ ఎక్కిస్తరు. అక్కడ దిగినాంక నా పరిస్థితేంది?"

"కొట్టినవాడితోనే పంపిస్తారని ఎవరు చెప్పారు నీకు?"

"ఆయనే చెప్పిండు."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఈ దేశపు చట్టం ఆమెకి చెప్పేది అతను, కొట్టేదీ అతనే. కానీ ఆమెకి అదే వేదం. నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు, ఎవ్వరికి చెప్పనని అను. గ్రూప్‌ల అసలే చెప్పద్దు. వాళ్ళ దగ్గరన్న నేను మంచిగ ఉన్న." తడి జుట్టు కింద, సరిగ్గా నా అరచేతికి, బొప్పి తగిలింది. దాని మీద చెయ్యి ఉంచి, పళ్ళు కొరుక్కుంటూ ఒట్టు వేశాను.

ఆ వారం నేను చూసిన అమెరికా అతని చేతులూ కాళ్ళే. ఏవో సరస్సులు చూపించారు, ఏదో మాల్‌కి తీసుకెళ్ళారు. నాకేం గుర్తులేదు. ఇంట్లో చుట్టం ఉందని అతను ఆపుకుంటున్నాడు. ఆపుకోవడం అంటే, భోజనాల దగ్గర బల్ల కింద ఆమె మణికట్టు మెలిపెట్టడం, డిష్‌వాషర్ తలుపుని కాలితో తన్ని మూయడం, పప్పులో ఉప్పు తగ్గిందని పళ్ళెం సింక్‌లోకి విసిరి, "సారీ అక్కా, చెయ్యి జారింది" అనడం. ప్రతిసారీ నా చేతులు దురదపెట్టాయి. కబడ్డీలో కూతకొచ్చినవాడి మొహం చూడకూడదు, కాళ్ళు చూడాలని పిల్లలకి చెప్తాను. అతను ఏదన్నా విసిరే ముందు బరువంతా కుడికాలి మీద వేస్తాడు. నేను తలకాయ దించుకుని అన్నం తింటూ ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను. పక్క మీద పడుకుని ఆ కాలు ఎలా విరుస్తానో ఊహించుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు.

శనివారం వచ్చింది. దోసకాయ పచ్చడి. ఎన్నో ఏళ్ళుగా వేర్వేరు వంటిళ్ళలో దంచిన మేమిద్దరం మొదటిసారి ఒకే రోటి దగ్గర నిలబడ్డాం. వంటింటి మధ్య రాతి గట్టు మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద నేను మోసుకొచ్చిన రోలు పెట్టాం. నా టాబ్లెట్‌లో కాల్ పెట్టాను. ఆష్‌బర్న్, శాన్ రామన్ మమ్మల్నిద్దరినీ ఒకే ఫ్రేములో చూసి కేకలు పెట్టారు. "అదృష్టవంతులు, టచ్ చేసుకుంటున్నారు!" అంది శాన్ రామన్. ఫార్మింగ్టన్ నా భుజానికి తల ఆనించి నవ్వింది. వారమంతటిలో ఆమె నిజంగా నవ్వింది అప్పుడే. పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి బండ ఎత్తి దంచడం మొదలుపెట్టింది. వాళ్ళు తమ వైపు మ్యూట్ చేసుకుని దంచుతున్నారు, మా రోటి చప్పుడు వినాలని మమ్మల్ని మాత్రం మ్యూట్ చెయ్యనివ్వలేదు.

పైనుంచి తలుపు దడాలున మూసిన చప్పుడయింది. మెట్ల మీద అడుగులు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. కళ్ళతో టాబ్లెట్ చూపించింది, మ్యూట్ నొక్కమని. ఇన్నేళ్ళూ ఆమె ఇలాగే మ్యూట్‌లోకి వెళ్ళిందన్నమాట. నా వేలు బటన్ దాకా వెళ్ళింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను గానీ, మ్యూట్ నొక్కుతానని వెయ్యలేదు. టాబ్లెట్ బోర్లా పెట్టేసి, కాల్ ఆపేసినట్టు చేతులు తుడుచుకున్నాను.

"ప్రొడక్షన్ సర్వర్ డౌన్ అయింది, మేనేజర్‌తో కాల్‌లో ఉన్నానని చెప్పానా లేదా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

"సారీ, వినపడదనుకున్న..."

జుట్టు పట్టుకున్నాడు. ఫ్రిజ్ తలుపుకేసి ఒకసారి, సీతాకోకచిలుక బొమ్మ ఉన్న గోడకేసి ఒకసారి తల కొట్టాడు. మిరపకాయ చేతులతో ఆమె మొహం కప్పుకుంటే ఆ చేతుల మీదే కొట్టాడు. "ఒరేయ్!" అని అరిచి మధ్యలోకి దూకాను. అప్పుడతను నావైపు తిరిగి, ఆమె జుట్టు పిడికిట్లో అలాగే ఉండగా, ఎంతో మర్యాదగా, "అక్కా, ఇది మా ఫ్యామిలీ మ్యాటర్. మీరు కాసేపు బ్యాక్‌యార్డ్‌లో కూర్చోండి, ప్లీజ్" అన్నాడు. ఆ "ప్లీజ్" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను కదలకపోయేసరికి గట్టు మీద చెయ్యి చాపాడు. పచ్చడి బండ చేతికి దొరికింది. నేను చీరల మధ్య పెట్టి, పగలకూడదని గుడ్డ చుట్టి, సముద్రాలు దాటించి తెచ్చిన రాయి. దాన్ని ఆమె తల మీదికి ఎత్తాడు. బరువంతా కుడికాలి మీద వేశాడు.

నేను నేల మీదికి దూకి రెండు చేతులతో ఆ చీలమండ పట్టి లాగాను. అతను ముందుకి కూలాడు. గడ్డం రాతి గట్టు అంచుకి తగిలి, పళ్ళు టప్పున విరిగాయి. బండ జారి టైల్ మీద పడి టైల్ పగిలింది. లేవబోయాడు. కాలు వదలకుండా మెలితిప్పి వీపు మీద ఎక్కి కూర్చున్నాను. ఏదో కిర్రుమంది. ఎముకో, కీలో. అంత హాయైన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు. తెల్ల టైల్స్ మీద రక్తం, దోసకాయ ముక్కలు, గింజలు. అతను కింద నుంచి బూతులు తిడుతూనే ఉన్నాడు, నేను కాలు తిప్పుతూనే ఉన్నాను.

పోలీసులు వచ్చేసరికి వాళ్ళకి కనపడింది అదీ. నోటినిండా రక్తంతో నేల మీద ఒక మగాడు, అతని మీద రాక్షసిలా నేను. అటుపక్క ఫ్రిజ్ దగ్గర, ఒక్క గాటు లేకుండా ఫార్మింగ్టన్. దెబ్బలు బయటికి కనపడకుండా కొట్టే విద్య అతనికి బాగా వచ్చు. వచ్చినవాళ్ళు ఇద్దరు, ఒకావిడ, ఒకతను. నడుం దగ్గర తుపాకీ మీద చెయ్యి వేసి గెట్ ఆఫ్ హిమ్ అని అరిచారు. నన్ను లాగి, గోడకి అదిమి, చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. అతను లేచి కూర్చుని, విరిగిన పళ్ళతో కూడా చక్కటి ఇంగ్లీషు మాట్లాడాడు. ఈవిడ ఇండియా నుంచి వచ్చిన గెస్ట్ అట, మెంటల్ ప్రాబ్లం అట, రాయితో ఎటాక్ చేసిందట. నేను నా ఇంగ్లీషు తీశాను. "హీ, స్టోన్, హెర్ హెడ్! ఐ క్యాచ్ లెగ్!" నాకే అర్థం కాలేదు.

పోలీసావిడ ఫార్మింగ్టన్ దగ్గరికి వెళ్ళి మెల్లిగా అడిగింది, ఇతను నిన్ను కొట్టాడా అని.

"నో" అంది ఫార్మింగ్టన్.

అప్పుడు గట్టు మీద బోర్లా ఉన్న టాబ్లెట్‌లోంచి ఆష్‌బర్న్ గొంతు వినపడింది. "ఆఫీసర్! ఐ కాల్డ్ యూ!" అని అరుస్తోంది. చప్పుడు విని, ఈ ఊరి పోలీస్ స్టేషన్ నంబరు వెతికి, నేను ముందే ఇచ్చిన అడ్రస్ చెప్పి ఫోన్ చేసింది తనే. పోలీసావిడ టాబ్లెట్ తిప్పింది. ఆష్‌బర్న్ విన్నదంతా చెప్పింది, తెర మీద పక్క గడిలో శాన్ రామన్ ఏడుస్తోంది. అతను నవ్వాడు. వీళ్ళు ఆన్‌లైన్ మనుషులు, నా భార్యని ఒక్కసారి కూడా కలవలేదు, వాళ్ళకేం తెలుసు అన్నాడు. పోలీసావిడ ఇంకోసారి ఆమెని అడిగింది. ఆమె టాబ్లెట్ కేసి, అతని కేసి చూసి, తల అడ్డంగా ఊపింది.

గోడ కన్నాల సంగతి చెప్పబోయి, ఒట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆమె నోరు విప్పకపోతే నేను జైలుకి, ఆమె మళ్ళీ ఈ ఇంట్లోకి. నేను ఎలాగో బయటపడతాను. ఆమె మాత్రం ఆదివారం పొద్దున ఇతనితో ఒంటరిగా ఈ వంటింట్లో నిలబడాలి. నాకు భయమేసింది. అమెరికాలో దిగాక నిజంగా భయమేసింది అదొక్కసారే.

నన్ను గరాజ్ వైపు నుంచి నడిపించారు. ఉత్తకాళ్ళతో ఉన్నాను. కాళ్ళు చూపించి, "చెప్పులు" అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు. ఫార్మింగ్టన్‌కి అర్థమైంది. పరుగున వచ్చి, స్టాండ్‌లోంచి నా చెప్పులు తీసి, నా ముందు కూర్చుని, చేతులు కట్టేసి ఉన్న నాకు ఒక్కో కాలికీ తొడిగింది. తొడిగాక లేవలేదు. కూర్చుంటే వెంకటేశ్వరస్వామి సరిగ్గా ఆమె మొహం ఎదురుగా ఉన్నాడు. కాసేపు అలా చూసి, పటం మేకు నుంచి తీసి నా కాళ్ళ పక్కన పెట్టింది.

పోలీసావిడ ఆగిపోయింది.

ఫార్మింగ్టన్ లేచి హాల్లోకి వెళ్ళింది. పెళ్ళి ఫోటో తీసింది. ఫ్రిజ్ సందులోకి వెళ్ళింది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. నేను చూడని బెడ్‌రూమ్‌లోంచి ఇంకో మూడు పటాలు తెచ్చి కార్పెట్ మీద పేర్చింది. పోలీసావిడ ఆమె వెనకే తిరుగుతూ ప్రతి కన్నం పక్కనా ఆమెని నిలబెట్టి చూసింది. అన్నీ ఆమె మొహం ఎత్తున ఉన్నాయి. వంటింట్లో అతను మాట్లాడటం మానేశాడు.

తర్వాత ఏమైందో చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. నా బేడీలు తీసి అతనికి వేశారు. ఆ సాయంత్రమే ఆష్‌బర్న్ విమానంలో వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళింది. దెబ్బలు తిన్నవాళ్ళకి ఈ దేశంలో వేరే దారులున్నాయని ఒక లాయరమ్మ చెప్పింది. ఇప్పుడామె ఉండేది ఆష్‌బర్న్ ఇంటి పక్క వీధిలోనే, అయినా మాకు ఫార్మింగ్టనే. శనివారాలు మ్యూట్ చేసుకోదు, మేం చెవులు మూసుకోం.

కానీ ఆ పొద్దున బేడీలు ఇంకా నా చేతులకే ఉండగా, పోలీసావిడ చెప్పుల స్టాండ్ దగ్గరికి తిరిగొచ్చింది. నడుం ఎత్తున ఉన్న ఆ కన్నం ముందు వంగి చూసి, మిగతావన్నీ అంత పైన ఉంటే ఇదొక్కటే ఇంత కింద ఎందుకుందని అడిగింది.

ఫార్మింగ్టన్ వంటింటి వైపు చూడకుండా, టాబ్లెట్‌లో వాళ్ళకి కూడా వినపడేలా చెప్పింది.

"ఆ రోజు నేను కూర్చొని చెప్పులు విప్పుకుంటున్న."

తర్వాత అదే మాట ఇంగ్లీషులో చెప్పింది.